తొంభై ఆరు మార్కుల బండి

2081 జూన్ 9, సోమవారం

ఇవాళ్టి మొదటి వింత ఉదయం ఐదున్నరకే ఎదురైంది. లాస్యవ్వ కారు బానెట్ ఎత్తి, మూరెడు ఇనుప రాడ్డు ఒక కొసను నడుస్తున్న ఇంజన్‌కు తాకించి, రెండో కొసను తన దవడ ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ఏదో పూజ అనుకుని నేను చెప్పులు విడిచాను.

ఆమె కళ్ళు తెరిచి నన్ను, నా పాదాలను చూసింది. "చెప్పులు తొడుక్కో పోరీ. కింద బోల్టులున్నయ్."

రెండేళ్ళుగా ఈ కారులోనే మా ఇప్పగూడ నుంచి ఘాట్ దిగి కాలేజీకి పోతున్నాను. ఏడింటికి వచ్చి ఎక్కడమే తప్ప, అది ఏడింటికి ఎలా సిద్ధమవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. అన్నం ప్లేటులోనే పుడుతుందనుకునే జాతి మాది.

ఇవాళ పెందలాడే రావడానికి కారణం ఋత్విక్ సారు. తెలుగు విభాగంలో మాకందరికీ 'అనుభవ దినచర్య' అప్పజెప్పారు. అరవై ఐదు దాటిన ఒక మనిషిని ఎంచుకుని, మూడు వారాలు గమనించి, ప్రతిరోజూ కాలేజీ ఇచ్చిన కంప్యూటర్ పలకలో రాసి పంపాలి. అందరూ తమ తాతలను ఎంచుకున్నారు. తాతలు ఎక్కువసేపు నిద్రపోతారు, రాయడం తేలిక. నేను డెబ్బై ఒక్కేళ్ళ లాస్యవ్వను ఎంచుకున్నాను, ఆమె అసలు కూర్చోదని తెలియక.

ఆ పేరు చూసి నవ్వకండి. ఆ తరం అవ్వలందరివీ అలాంటి పేర్లే: లాస్య, హన్సిక, శ్రీనిధి. ఇప్పటి మోజు వేరు. మా క్లాసులో నలుగురు రాజవ్వలున్నారు. నేను మూడో రాజవ్వను.

"నువ్వు రాసేది ఎవలు సదువుతరే?" అని అడిగింది అవ్వ.

"మా సారు."

"సారు ఒక్కడేనా?"

"ఒక్కరే అవ్వా. ఒట్టు."

జూన్ 10, మంగళవారం

ఇవాళ ఇంకా ముందే వెళ్ళి అవ్వ లేవడం చూశాను. మంచం మీద లేచి కూర్చుని, వెంటనే దిగదు. లోపల్లోపల అరవై లెక్కపెడుతుంది. మడమలు తిప్పుతుంది. అప్పుడు నేల మీద కాలు పెడుతుంది. తర్వాత పోయి కారును స్టార్టు చేసి, దాన్నీ అలాగే రెండు నిమిషాలు ఊరికే నడవనిస్తుంది.

"ముసలిదాన్ని లేపంగనే ఉరికియ్యద్దు," అంది. ఎవరి గురించో చెప్పలేదు.

కారుకు ఇరవై మూడేళ్ళు. ఒకప్పుడు నీలం రంగు. మక్కల నుంచి తీసిన స్పిరిట్‌తో నడుస్తుంది కాబట్టి పొద్దున్నే దాని వెనక నిలబడితే కంకులు కాల్చిన వాసన వస్తుంది. అవ్వ ఆయిల్ పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూసింది. రేడియేటర్‌లో చెంబుడు నీళ్ళు పోసింది. టైర్లను బొటనవేలితో నొక్కింది. ఒక నట్టు అరచుట్టు బిగించింది. అన్నీ రాశాను. అవ్వ మోకాలు పట్టేయడం, బీపీ మాత్ర వేసుకోవడం, కుడికంట్లో నీరు కారడం కూడా రాశాను. వివరమే వచనానికి ప్రాణమని సారు చెప్పారు.

వెనక నుంచి రెండుసార్లు పిలిస్తే మాత్రం పలకలేదు. పెద్దవాళ్ళకు ఆ మాత్రం గర్వం ఉండాలని రాసుకున్నాను.

జూన్ 13, శుక్రవారం

ఘాట్ దిగేటప్పుడు అవ్వ బ్రేకు దాదాపు తొక్కదు. రెండో గేరులో ఎక్కిన మలుపును రెండో గేరులోనే దిగుతుంది. వెనక సీట్లో మిగతా ఐదుగురూ కునికిపాట్లు పడుతుంటే, ముందు కూర్చున్న నేను అడిగాను.

"నీకు మొదటి నుంచీ ఇంత ఓపికేనా అవ్వా?"

ఆమె నా వైపు చూసి, మళ్ళీ రోడ్డు చూసి నవ్వింది. "నాకా? ఇరవై అయిదేండ్లప్పుడు బండిల చప్పుడొస్తే పాట సౌండు పెంచుతుంటి."

"తర్వాత?"

"తర్వాత మెకానిక్‌ను తిట్టుడు. వాడే ఏదో లూజు జేసిండని. నలభై దాటినంక బండి ఆపి ఇనుడు నేర్సిన. అప్పటికి ఒక ఇంజను, ఒక మొగుడు చేతుల నుంచి పోయిన్రు. రెండింటివీ చప్పుళ్ళు ముందుగల్లనే వచ్చినయ్."

ఘాట్ కింద గీత ఉంది. రోడ్డుకు అడ్డంగా తెల్లగా, ఆరడుగుల వెడల్పు. అక్కడి నుంచి లోకమంతా డ్రైవరు లేని డబ్బాలదే. ఎక్కి కూర్చుంటే వాటంతట అవే కాలేజీ దగ్గర దింపుతాయి, దారిలో మనం లావయ్యామని కూడా చెబుతాయి. గీత దాటి పైకి మాత్రం రావు. గుంతలు, మలుపులు, మధ్యలో పడుకున్న బర్రెలు వాటి చదువులో లేవు. ఆ పదకొండు కిలోమీటర్లకు లాస్యవ్వే దిక్కు. ఆమె రాకముందు మా ఊళ్ళో చదువు ఏడో తరగతితో ఆగిపోయేది. మా అమ్మది అక్కడే ఆగింది.

జూన్ 16, సోమవారం

అవ్వ పక్కింట్లో శౌర్య తాత ఉంటాడు. డెబ్బై నాలుగేళ్ళు. ఆయనకూ ఇదే కంపెనీ కారుంది, ఇదే ఏడాదిది, ఇదే నీలం. ఇద్దరూ ఒకే రోజు కొన్నారట. ఆయన దాన్ని రెండుసార్లు నడిపి, చెట్టుకు గీసుకుంటుందేమోనని గుడ్డ కప్పేశాడు. ఆ గుడ్డను ఏటా ఉతికిస్తాడు. బానెట్ ఒక్కసారీ ఎత్తలేదు.

"నా బండికీ నాకూ ఒక్క రిపేరు లేదు బిడ్డా. డాక్టరు మొఖం జూడలే," అన్నాడు, గోడ పట్టుకుని నడుస్తూ. ఆయన ఎప్పుడూ గోడ పట్టుకునే నడుస్తాడు. గోడ లేని చోటికి పోడు.

జూన్ 20, శుక్రవారం

ఋత్విక్ సారు పదికి పది వేశారు. 'పరిశీలన అద్భుతం. మరిన్ని వివరాలు ఆశిస్తున్నాం' అని వ్యాఖ్య. ఆ ఉత్సాహంలో ఇవాళ ఒక్కరోజే పదకొండు వివరాలు పంపాను. ఫ్యాన్ బెల్టు మీద వెంట్రుకవాసి పగులు చూసి అవ్వ ముందుగానే మార్చడం, మెట్టు దిగేటప్పుడు ఎడమ కాలు ముందు పెట్టడం, వాన తేమకు క్లచ్ కేబుల్ బిగుసుకుంటుందని కొబ్బరినూనె చుక్క వేయడం, అదే నూనె తన మోకాలికీ రాయడం. నా వాక్యాలు నాకే ముద్దొచ్చాయి.

జూన్ 24, మంగళవారం

ఈ రోజు నుంచి కాగితం పుస్తకంలో. పాత పేజీలు కూడా ఇందులోకి ఎత్తి రాసుకున్నాను.

ఉదయం గీత దగ్గర అవ్వ పేరు మీద నోటీసు అతికించి ఉంది. బండి పదిహేనేళ్ళు, నడిపే మనిషి అరవై ఐదేళ్ళు దాటితే ఇద్దరినీ ఒక జంటగా లెక్కగట్టి మార్కులు వేస్తారు. కారుకు ముప్పై ఒకటి. అవ్వకు ముప్పై ఏడు. సగటు ముప్పై నాలుగు. నలభై ఉండాలి. కాబట్టి జూలై ఒకటి నుంచి ఈ జంట రోడ్డెక్కకూడదు. కారు తుక్కు చేసే మిషన్‌కు పోతుంది. అవ్వ ఇంటికి.

కింద ఆధారాలు ఇచ్చారు. ఫ్యాన్ బెల్టు పగులు. నట్టు వదులు. మోకాలు, పదిహేను సార్లు. కుడికంటి నీరు. ఒక్క అక్షరం మార్చలేదు, అన్నీ నా వాక్యాలే. నా రచన మొదటిసారి అచ్చయింది.

కాలేజీకి పోగానే సారును పట్టుకున్నాను.

"సార్, నేను రాసింది మీరొక్కరే చదువుతారన్నారు కదా?"

"నేను కూడా చదవలేదమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. "పలకే చదివి మార్కులేస్తుంది. పెద్దవాళ్ళ భద్రత విషయమైతే తనిఖీ ఆఫీసుకు అదే పంపుతుంది. అయినా నీకు పదికి పది వచ్చాయి కదా!"

సాయంత్రం అవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నోటీసును చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, చివరిదాకా చదివింది. మడిచి జేబులో పెట్టుకుంది. లేచి పోయి కారు ఆయిల్ చూసింది.

"అవ్వా, నన్ను తిట్టు."

"ఏం తిట్టాలె?" అంది పుల్ల తుడుస్తూ. "ఒట్టు మాత్రం గట్టిగ పెట్టినవ్."

తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 25, బుధవారం

అవ్వా నేనూ గీత దగ్గరి తనిఖీ ఆఫీసుకు పోయాం. అధికారిణి మేధాన్వి మేడం మర్యాదస్తురాలు. తెర మీద నుంచి తల ఎత్తకుండానే కూర్చోమన్నారు. ఆమె మాటలు అవ్వకు సరిగా అందక ప్రతిదీ నేను మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మేడం గొంతు నిజంగానే చిన్నది.

"ఇవి లోపాలు కావు మేడం, రిపేర్లు. అన్నీ అప్పటికప్పుడు బాగు చేసినవే," అన్నాను.

"బాగు చేశారంటే అంతకుముందు లోపం ఉన్నట్టే కదమ్మా."

"మరి బానెట్ ఎన్నడూ ఎత్తని బండికి?"

"లోపాలు లేనట్టు." ఆమె ఏదో నొక్కి చూశారు. "మీ ఊళ్ళోనే శౌర్య గారని ఉన్నారు. అదే బండి, అదే వయసు. తొంభై ఆరు మార్కులు. ఆయనకు వేరే తొంభై ఎనిమిది. చూసి నేర్చుకోవాలి."

"ఆ బండి కదలదు మేడం!"

"కదలడం లేదని ఫిర్యాదు ఏమీ రాలేదే."

అవ్వ నా మోచెయ్యి గిల్లింది. "ఏమంటుందే?"

"శౌర్య తాతను చూసి నేర్చుకోమంటున్నారు."

"గోడ వట్టుకునుడా?"

మేడం మనసు మంచిది. వెళ్ళబోతుంటే ఆపి ఉపాయం చెప్పారు. బండిని వదులుకోనక్కర్లేదు, జంటను మార్చుకుంటే చాలు. చేతిలోని మిషన్‌ను నా నుదుటి ముందు ఆడించారు. వంద అని వచ్చింది.

"ఇంతకుముందు బండి నడిపావా?"

"లేదు మేడం. స్టీరింగ్ కూడా ముట్టుకోలేదు."

"అందుకే ఒక్క తప్పూ లేదు," అన్నారు ఆనందంగా. "నువ్వూ ఆ బండీ కలిస్తే అరవై ఐదున్నర."

ఏప్రిల్‌లోనే నాకు పద్దెనిమిది నిండాయి. లైసెన్సు నాలుగు నిమిషాల్లో ఇచ్చేశారు, అందులో మూడు ఫొటోకు. పరీక్ష లేదు. గీత లోపల ఎవరూ నడపరు కాబట్టి, నడపడమంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఆఫీసులో మిగల్లేదు. నలభై ఎనిమిదేళ్ళు బండి నడిపిన మనిషి పనికిరాదు, నాలుగు నిమిషాల కింద పుట్టిన డ్రైవరు పనికొస్తుంది. ఈ వాక్యం పలకలో రాయలేదు. పలకలో ఇలా పంపాను: 'ఈ రోజు విశేషాలు లేవు.'

జూన్ 26, గురువారం

అవ్వ తాళం వెంటనే ఇవ్వలేదు. "సర్కారు నాలుగు నిమిషాలల్ల ఇచ్చింది. నా దగ్గర గట్ల నడువది," అంది. పొద్దున ఆయిల్, నీళ్ళు, గాలి నాతో చూపించింది. సాయంత్రం బడి వెనక మైదానంలో కూర్చోబెట్టింది. ఇంజన్ పదమూడుసార్లు ఆగిపోయింది. కారు నిలబడ్డ చోటే కప్పలా గెంతింది. చూడటానికి వచ్చిన ఊరి జనానికి పల్లీలమ్మితే బాగానే గిట్టుబాటయ్యేది.

"క్లచ్ మీది నుంచి కాలు మెల్లగ తియ్యి. నిద్రపోయే పిల్లగాని తల కింది నుంచి చెయ్యి తీసినట్టు," అంది అవ్వ.

పద్నాలుగోసారి కదిలింది.

జూన్ 28, శనివారం

మైదానంలో బండి నడుపుతున్నాను. ఒక్కసారిగా వెనక టైరు దగ్గర కీచుమని చప్పుడు.

"అవ్వా, అదేంది?"

జవాబు లేదు. రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పొద్దని ఆమే చెప్పింది కాబట్టి తిప్పకుండా మళ్ళీ గట్టిగా అరిచాను. లేదు. బ్రేకు వేసి ఆమె వైపు తిరిగాను. అప్పుడు నా ముఖం చూసి, "ఎందుకు ఆపినవే?" అంది ప్రశాంతంగా.

కీచుమన్నది చక్రంలో ఇరుక్కున్న రేకుముక్క. తీసేశాను. మళ్ళీ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాక ఒక్కొక్కటే కలిసొచ్చాయి. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం. మేడం గొంతు. చెవికి కాకుండా దవడకు ఆనించే రాడ్డు.

"ఎప్పటి నుంచి అవ్వా?"

"మూడేండ్లాయె. మొఖం జూస్తే మాట తెలుస్తది. రాడ్డు వెడితే ఎముకలకెళ్ళి జెర వినొస్తది. గిప్పుడు గదీ తగ్గుతున్నది."

"అన్నీ చెప్పినవ్. మోకాలు, బీపీ, కన్ను. ఇదెందుకు చెప్పలే నాకు?"

"నువ్వు రాస్తవ్ గద బిడ్డా."

ఈ మధ్య మాటలను తెగ ప్రేమిస్తున్నానని గొప్పలు పోయేదాన్ని.

తర్వాత ఆమే అంది, "ఆఫీసోళ్ళది మొత్తం తప్పేం గాదు. వాళ్ళు లెక్కవెట్టినవే తప్పు లెక్కలు. దిగాల్సిన టైమైతే నాకూ వచ్చింది. ఏ గేరుల ఎక్కినవో ఆ గేరులనే దిగాలె. న్యూట్రల్‌ల వేసి వదిలేస్తే లోయలకే."

జూన్ 29, ఆదివారం

ఘాట్‌లో మూడు మలుపుల దాకా దిగి, ఎక్కి వచ్చాను. రెండో గేరు. వాన తుంపర. ఎవరూ చావలేదు. పలకకు: 'ఈ రోజు విశేషాలు లేవు.'

జూన్ 30, సోమవారం

రేపటి నుంచి నేనే. ఇవాళ కాలేజీ సెలవు. సాయంత్రం బండిని చివరిసారి సరిచూసుకున్నాం. రాడ్డు అవ్వ నా చేతికిచ్చింది. ఆమె చూపించిన చోటల్లా తాకించి, నేను దవడకు కాకుండా చెవికే ఆనించుకున్నాను. వాల్వుల దగ్గర టకటక, అది మామూలే. డైనమో దగ్గర తుమ్మెద. అది కూడా మామూలే. ముందు వైపు, ఫ్యాన్ వెనక పెట్టగానే ఆగిపోయాను.

"ఏదో ఉంది అవ్వా."

ఆమె రాడ్డు తీసుకుని తన దవడకు పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తల అడ్డంగా ఊపి, రాడ్డు నాకే తిరిగిచ్చింది. ఆ ముఖం గురించి రాయను.

"ఎట్లుందో చెప్పు," అంది నా పెదాలు చూస్తూ.

"గరగరమంటుంది."

"బండ్లన్నీ గరగరే అంటయ్. మంచిగ చెప్పు."

మళ్ళీ విన్నాను. "రాగిచెంబులో కొంచెం ఇసుక వేసి తిప్పినట్టు. ఎడతెగకుండా కాదు. తిరిగి తిరిగి ఒక చోటికొచ్చేసరికి చిన్నగా తట్టుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే తొందరపడుతుంది."

"ఇసుక తడిదా, పొడిదా?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మళ్ళీ విన్నాను. "పొడిది."

"వాటర్ పంపు బేరింగ్," అంది అవ్వ వెంటనే, చేతులు తుడుచుకుంటూ. "గ్రీసు ఎండింది. రేపు నాలుగో మలుపు దాకా వస్తది. ఆడ జామ్ అయి బెల్టు తెగుతది, ఇంజను కాగుతది. ఆరుగురు పోరగాండ్లు వానల నిలవడుతరు." చేతులు తుడిచిన గుడ్డ నా భుజాన వేసి, "మంచిగ విన్నవే," అంది. ఇదివరకటి పదికి పదిని సారుకు తిరిగిచ్చేయాలని ఉంది.

కొత్త పంపు కావాలంటే గీత అవతలి నుంచి రావాలి. నాలుగు రోజులు పడుతుంది, పైగా ఇంకో లోపం కింద నమోదవుతుంది. ఇద్దరం ఒకేసారి పక్కింటి వైపు చూశాం. ఉతికిన గుడ్డ కింద అదే కంపెనీ, అదే ఏడాది, రెండే రెండుసార్లు తిరిగిన వాటర్ పంపు.

శౌర్య తాత గోడ పట్టుకుని అంతా విన్నాడు. "పంపు తీసుకపోతే నా మార్కులు తగ్గయా?"

"మీరు ఫిర్యాదు చెయ్యకపోతే తగ్గవు తాతా," అన్నాను.

"ఇంజను మొత్తం పీకినా గానీ తగ్గవు," అంది అవ్వ.

ఆయన కాసేపు లెక్కలు వేసుకుని, ఊరిలో పిల్లల చదువు కోసం ఒప్పుకున్నానని అందరికీ చెప్పాలని షరతు పెట్టాడు. "బానెట్ ఎట్ల తెరుస్తరో మాత్రం నన్ను అడగద్దు," అన్నాడు.

పలకకు పంపింది: 'ఈ రోజు విశేషాలు లేవు. దీంతో నా దినచర్య ముగిసింది.'

ఈ పుస్తకంలో మాత్రం రేపటి ఏర్పాట్లు రాసుకుంటున్నాను. నాలుగున్నరకు లేవాలి. లేచి మంచం మీద అరవై లెక్కపెట్టాలి. నాకు పద్దెనిమిదే అయినా అలవాటు ఇప్పుడే మొదలు కావాలట. పానాల సంచి, పాత గుడ్డలు, గ్రీసు డబ్బా తీసుకుని శౌర్య తాత బండి దగ్గరికి పోవాలి. అందులో ఎలుకలు కాపురం ఉంటే మర్యాదగా లేపాలి. పంపు విప్పి, బేరింగ్‌కు కొత్త గ్రీసు పెట్టి, మా బండికి బిగించాలి. బిగించేది నేను, ఎంత బిగించాలో చెప్పేది అవ్వ. ఆయన బండికి మళ్ళీ గుడ్డ కప్పి తొంభై ఆరు మార్కులను నిద్రపుచ్చాలి. రాడ్డు పెట్టి వినాలి. ఇసుక పోయిందని తేలాకే ఏడింటికి ఐదుగురినీ ఎక్కించుకోవాలి. రెండో గేరు.

ఒక్కటే తేలకుండా ఉంది. ఎడమ పక్క సీట్లో అవ్వ కూర్చుంటుంది. దారిలో ఏ చప్పుడు వినిపించినా నేను మాటల్లో చెప్పాలి, ఏం చెయ్యాలో ఆమె చెబుతుంది. కానీ ఆమెకు నా ముఖం కనబడాలి, నాకేమో రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పకూడదు. ఇందాకే తోచింది. ఘాట్ మీద మా వెనక ఎలాగూ ఎవరూ రారు. కాబట్టి రేపు అన్నిటికంటే ముందు, బానెట్ కూడా ఎత్తకముందే, లోపలి అద్దాన్ని నా నోరు అవ్వకు కనిపించేలా తిప్పి గట్టిగా బిగించాలి.